అయ్యవారు లేని పంతొమ్మిది నెలలు

2020 మార్చి నడుమ తమిళనాట చిన్న తరగతుల బడులు మూతపడినవి. ఆ నెల 24వ తేదీ రాత్రి దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటన వెలువడినది. 9వ తరగతి నుంచి 12వ తరగతి వరకు చదివేవారికి 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బడి తెరిచినట్లే తెరిచి ఆపైన మళ్లీ మూసివేశారు. సెప్టెంబరు 1న మరల తెరిచారు. ఒకటి నుంచి ఎనిమిది వరకు చదివే పిల్లలు బడి గడప తొక్కినది మాత్రం 2021 నవంబరు 1న. నడుమ గడిచినవి పంతొమ్మిది నెలల పైచిలుకు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసిన బిడ్డ పలక పట్టకుండానే రెండో తరగతి నడుమకు వచ్చి కూర్చున్నది.

ఆ పంతొమ్మిది నెలల నష్టాన్ని గురించి చెప్పినవారు చాలామంది ఉన్నారు. ప్రభుత్వాలు చెప్పినవి, పరిశోధకులు చెప్పారు, పత్రికలు చెప్పినవి. అయితే ఆ నష్టంలో ఒక భాగం ఎవరి పద్దులోనూ చేరలేదు. తెలుగు మాట్లాడే ఇంట పుట్టి తమిళనాట చదువుకొనే బిడ్డకు కలిగిన నష్టం అది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల మన కుటుంబాలకు అది అనుభవమే కాని, ఇంతవరకు ఎవరూ దానిని ఒక చోట కూర్చి చెప్పలేదు. బడులు తెరిచి ఏళ్లు గడిచినవి గదా, ఇప్పుడెందుకని అడిగేవారు ఉండవచ్చును. నాడు అక్షరం దాటిపోయిన పిల్లలు నేడు పై తరగతులకు చేరారు. వారి తెలుగు ఏమైనదో చూడవలసిన కాలం ఇదే.

నల్లంపల్లిని తలచుకొందాము. బెంగుళూరు నుంచి సేలం పోయే పెద్దదారి మీద, ధర్మపురి దాటిన తరువాత, తొప్పూరు కనుమకు ముందు వచ్చే ఊరు. ఇప్పుడు తాలూకా కేంద్రం కూడాను. ఈ వైపు పల్లెలలో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. హోసూరు, వేపనపల్లి వైపు తెలుగు బడులు కనిపించినంతగా ఈ దక్షిణపు కొసన కనిపించవు. 2011 జనగణనలో ధర్మపురి జిల్లా అక్షరాస్యత 68.5 శాతం. తమిళనాడు జిల్లాలన్నింటిలో అదే అడుగున ఉన్నది. ఆనాటికి రాష్ట్రపు సగటు దాదాపు 80. పని కోసం బెంగుళూరు పోయి కట్టడాల దగ్గర గుడిసెలు వేసుకొని బ్రతికే కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో. 2020 వేసవిలో పని పోయి, చంకన బిడ్డతో ఊరు చేరినవారిలో మనవారూ ఉన్నారు.

అటువంటి ఇంటిలో బడి మూతపడినప్పుడు ఏమి జరుగుతుంది? తమిళపు ఇంటి బిడ్డకు కనీసం ఒక ఊతం ఉన్నది. అమ్మకో అక్కకో తమిళం చదవడం వస్తుంది. గోడ మీది ప్రకటన, బస్సు మీది ఊరి పేరు, రేషను దుకాణపు పలక, దినపత్రిక, టీవీలో కింద పరుగెత్తే వార్త, అన్నీ ఆ బిడ్డ చదివే అక్షరాలలోనే ఉంటవి. బడి మూసినా ఊరు మూతపడలేదు. తెలుగు ఇంటి బిడ్డకు ఆ ఊతం లేదు. అవ్వకు తెలుగు వస్తుంది, కథ చెప్పుతుంది, సామెత వేస్తుంది, చదవలేదు. అమ్మకు తెలుగు వస్తుంది, ఆమె చదివినది తమిళం. నాయనకు తెలుగు వస్తుంది, ఆయన సంతకం తమిళం. ఆ ఇంటిలో, ఆ వీధిలో, కొన్ని చోట్ల ఆ ఊరు మొత్తంలో తెలుగు అక్షరం తెలిసిన మనిషి ఒక్కరే. ఆ ఒక్కరు బడిలోని తెలుగు అయ్యవారు. ఆయనకూ బిడ్డకూ నడుమ తలుపు మూతపడగానే మన నుడికి వ్రాత అనేది లేకుండా పోయినది.

పొరుగు రాష్ట్రాలలో ఉన్న తెలుగువారికి తెలుగు అయ్యవారు ఒక పాఠ్యాంశపు ఉపాధ్యాయుడు మాత్రమే కాదన్న సంగతి మనం తరచూ మరచిపోతాము. హైదరాబాదులో తెలుగు ఉపాధ్యాయుడు ఒక నెల రాకపోతే ఒక పాఠం వెనకబడుతుంది. ఇక్కడ రాకపోతే గ్రంథాలయం, పత్రిక, అంగడి పలక, ఇంటి పెద్ద, అన్నీ ఒక్కసారిగా రానట్లే.

బడికి బదులు తెర వచ్చినది. తమిళనాడు ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన కల్వి తొలైక్కాట్చి ఆ కాలంలో ఊపందుకొన్నది. ఫోను లేని ఇంటికి టీవీ ఉంటుంది గనుక అది మంచి ఆలోచనే. ఆ పాఠాలు ప్రధానంగా తమిళ, ఇంగ్లీషు మాధ్యమాల పిల్లలను ఉద్దేశించి సాగినవి. మరి తెలుగు పాఠం కావాలంటే ఎటు చూడాలి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరిలోను, తెలంగాణ ప్రభుత్వం యాదగిరిలోను, టి-శాట్‌లోను పాఠాలు చెప్పించినవి. మన పిల్లలలో కొందరు వాటిని చూసి ఉండవచ్చును. కాని అక్కడి పుస్తకం వేరు, ఇక్కడి పుస్తకం వేరు. తమిళనాట తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డ చేతిలో ఉన్నవి ఈ రాష్ట్రపు పాఠ్యప్రణాళిక ప్రకారం తెలుగులో అచ్చయిన పుస్తకాలు. సప్తగిరిలో అయ్యవారు ఏ పుటను తెరవమన్నా, ఆ పుట ఈ బిడ్డ పుస్తకంలో ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల పాఠాలకూ బయటివాడై, సొంత రాష్ట్రపు పాఠాలకు అంచున ఉండి, వాడు రెండు తెరల నడుమ నిలబడినాడు.

చేయదలిస్తే చేయవచ్చునన్నదానికి పక్కనే ఉదాహరణ ఉన్నది. కేరళ 2020 జూన్ 1న విక్టర్స్ ఛానెల్‌లో ‘ఫస్ట్ బెల్’ పేర పాఠాలు మొదలుపెట్టి, మలయాళంతో ఆగక, కన్నడ, తమిళ మాధ్యమాలలో చదివే పిల్లల కోసం కూడా పాఠాలు తయారు చేయించినది. కాసరగోడు కన్నడ బిడ్డనూ, ఇడుక్కి తమిళ బిడ్డనూ ఆ ప్రభుత్వం మరచిపోలేదు. దూరదేశపు ముచ్చట కావాలంటే, దక్షిణ అమెరికాలోని పెరూ 2020 ఏప్రిల్‌లో ఇంటినుంచి చదువు కార్యక్రమాన్ని ఆరంభించి, కెచువా, ఐమారా వంటి మూలవాసుల నుడులలో రేడియో పాఠాలు వినిపించినది. అవి సంపన్న దేశాల పనులు కావు. రేడియోకు ఖర్చెంత? ఒక గది, ఒక అయ్యవారు, రోజుకు అరగంట. తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ బిడ్డలున్న తమిళనాడు వంటి రాష్ట్రానికి అది పెద్ద బరువు కాదు. కేరళలోని తమిళ బిడ్డకు దక్కిన మర్యాదనే తమిళనాటి తెలుగు బిడ్డకు కోరుతున్నాము.

పరీక్షల సంగతి మరింత చిత్రమైనది. ఇది విప్పి చెప్పవలసిన కథ. 2006లో తమిళనాడు శాసనసభ తమిళ అభ్యసన చట్టం చేసినది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా అందరికీ తప్పనిసరి చేసుకొంటూ పోయారు. ఆ లెక్కన 2015-16లో అది పదో తరగతి పరీక్షకు చేరినది. తమిళం చెప్పే అయ్యవార్లనే వేయకుండా తమిళ పరీక్ష వ్రాయమంటే ఎట్లా అని భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు మద్రాసు హైకోర్టుకు పోయినవి. 2016 నుంచి ఏడాదికేడాది మినహాయింపులు తెచ్చుకొంటూ, కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూ, చివరకు 2019 సెప్టెంబరులో 2020 నుంచి 2022 వరకు ఊరట పొందినవి.

ఆ ఏడాదులను మళ్లీ చదవండి. 2020, 2021, 2022. ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకొన్న ఊరట సరిగా మహమ్మారి నోట పడినది. 2020 మార్చి 27న మొదలు కావలసిన పదో తరగతి పరీక్ష జూన్ 1కి, ఆపైన జూన్ 15కి జరిగి, జూన్ 9న రద్దయినది. మూడు నెలల పరీక్ష, అర్ధసంవత్సర పరీక్షల మార్కులకు 80 శాతం, హాజరుకు 20 శాతం లెక్కగట్టి అందరినీ గట్టెక్కించారు. 2021 ఫిబ్రవరి 25న 9, 10, 11 తరగతుల వారందరూ పరీక్ష లేకుండానే ఉత్తీర్ణులని ప్రకటించారు. ఊరట దొరికిన మూడు ఏడాదులలో రెండింట పరీక్షే లేదు. 2022లో పరీక్ష వచ్చేసరికి పిల్లలు బడి మొగం చూసి ఏడాది కూడా నిండలేదు. ఆ గడువు ఎందుకు అడిగాము? తెలుగును మొదటి భాషగా గౌరవంతో వ్రాయడానికి, అంతలో తమిళం చెప్పే అయ్యవార్లను వేసి పిల్లలను సిద్ధం చేయడానికి. రెండూ జరగలేదు. గడువు మాత్రం తారీఖుల ప్రకారం కరిగిపోయినది. 2023 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు మరొక్క ఏడాది పొడిగించినది. మూతపడిన బడిలో గడువు కూడా మూతపడినట్లు లెక్కించాలన్న వాదనను మనవారు ఇంకా గట్టిగా వినిపించి ఉండవలసినదని మా అభిప్రాయం. బ్యాంకు అప్పులకు సైతం 2020లో ఆరు నెలల మారటోరియం ఇచ్చిన దేశం ఇది.

ఇక అయ్యవార్ల మాట. ఆ కాలంలో బడిపంతుళ్లు ఇంట కూర్చొని జీతం తిన్నారని ఈసడించినవారిని మనం విన్నాము. ప్రభుత్వ బడిలో శాశ్వత ఉద్యోగం ఉన్నవారికి జీతం వచ్చినది, నిజమే. ప్రైవేటు బడులలో చేసేవారికి, రోజుల లెక్కన చేసేవారికి, తల్లిదండ్రుల సంఘాలు పోగుచేసి ఇచ్చే చిన్న మొత్తం మీద చేసేవారికి ఆ మాట వర్తించదు. నెల్లూరులో తెలుగు చెప్పే ఒక ప్రైవేటు ఉపాధ్యాయుడు 2020లో తోపుడుబండి మీద అరటిపండ్లు అమ్ముకొన్నాడు. ఆ సంగతి తెలిసి పూర్వవిద్యార్థులు చందాలు వేసి ఆదుకొన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించినది. తెలుగుగడ్డ మీదనే తెలుగు అయ్యవారి గతి అదైతే, పొరుగున ఎవరూ లెక్కించని చోట తాత్కాలికంగా పనిచేసేవారి గతి ఊహించుకోవచ్చును. ఫోను లేని పిల్లల ఇండ్లకు తిరిగి, అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినవారూ ఉన్నారు. వారి పేర్లు ఏ నివేదికలోనూ ఉండవు.

వాట్సాప్ చదువు గురించి ఒక మాట. ఇంటికి ఒక్క ఫోను, అది నాయన పనికి పోయేటప్పుడు జేబులో పోతుంది, రాత్రి ఎనిమిదింటికి తిరిగి వస్తుంది. ఇది అన్ని భాషల పేదలకూ ఉన్న బాధ. మనకు దానిమీద మరొకటి తోడైనది. ఫోనులో తెలుగు అచ్చు తెలియని పిల్లలు తెలుగు మాటను తమిళ లిపిలో వ్రాయడం మొదలుపెట్టారు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే అక్షరం. గంప వ్రాసినా కంప వ్రాసినా చూపునకు ఒకటే. బడి అని వ్రాస్తే పడి అనీ చదువుకోవచ్చును. తమిళానికి ఆ లిపి చక్కగా సరిపోతుంది, అందులో తప్పేమీ లేదు. తెలుగు కాలికి మాత్రం ఆ చెప్పు చాలదు. ఒకసారి ఆ అలవాటు చేతికి పట్టిన తరువాత అచ్చ తెలుగు అక్షరం చూడగానే ఇది మనది కాదు, ఎక్కడిదో అనిపిస్తుంది. నేడు పదిహేనేళ్ల పిల్లలు అవ్వతో చక్కగా తెలుగు మాట్లాడి, అవ్వ చెప్పిన దానిని అరవ అక్షరాలలో చిన్నమ్మకు పంపించడం సరిహద్దు ఊళ్లలో ఎవరికీ వింత కాదు. అవ్వ మాట పోలేదని సంతోషించాలో, అక్షరం పోయినదని దిగులుపడాలో తేల్చుకోవడం కష్టం. మాకైతే దిగులే ఎక్కువ.

బడులు తెరిచిన తరువాత తమిళనాడు ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. అది ఒప్పుకొని తీరాలి. 2021 అక్టోబరు 27న విళుప్పురం జిల్లాలో ‘ఇల్లం తేడి కల్వి’ని ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఇల్లు వెతుక్కొంటూ వచ్చే చదువు అని దాని అర్థం. ఊరి యువతులను స్వచ్ఛంద సేవకులుగా తీసుకొని, నెలకు 1000 రూపాయల ప్రోత్సాహకంతో, సాయంకాలం పిల్లలకు చదువు చెప్పించారు. 2022 జూన్‌లో ఒకటి నుంచి మూడు తరగతులకు ‘ఎణ్ణుమ్ ఎళుత్తుమ్’ వచ్చినది. అంకె, అక్షరం అని అర్థం. తమిళం, ఇంగ్లీషు, గణితం, ఈ మూడింటిలో పిల్లలను నిలబెట్టడం దాని గురి. మంచి పథకాలు. ఆ సాయంకాలపు వాకిట మన పిల్లలు కూడా కూర్చొని లాభపడినారు. అయితే కోల్పోయిన అక్షరాల జాబితా వ్రాసేటప్పుడు తెలుగు అక్షరం ఆ జాబితాలోకి ఎక్కలేదు. తెలుగు తెలిసిన ఒక ఆడబిడ్డను ప్రతి తెలుగు పల్లెలో ఆ సేవకురాలిగా వేసి ఉంటే, అదే వెయ్యి రూపాయలకు, అదే గంటలో, సగం పని జరిగి ఉండేది.

కొలతల దగ్గరా అదే తీరు. 2022లో జరిగిన ‘అసర్’ సర్వేలో, మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశంలో 20.5 శాతమని తేలినది. 2018లో ఆ సంఖ్య 27.3. తమిళనాట 10.2 నుంచి 4.8కి పడిపోయినది. నూరుగురిలో అయిదుగురు! ఇది చూసి రాష్ట్రమంతా ఉలిక్కిపడినది, సరే. ఆ అయిదుగురిలో, మిగిలిన తొంభై అయిదుగురిలో మన బిడ్డ తెలుగు పాఠం ఏ మెట్టు మీద ఉన్నదో ఆ అంకె చెప్పదు. రాష్ట్రపు భాష చదివే పిల్లల గతే అట్లా ఉంటే, ఇంటిలో అక్షరం తెలిసినవారు లేని నుడి గతి వేరే చెప్పనక్కరలేదు. కొలవని దానికి మందు వేసేవారు ఉండరు.

ఇదంతా చదివి తమిళుల మీద కినుక పెంచుకోవలదు. వారు తమ నుడిని కాపాడుకొంటున్నారు. ఆ పట్టుదలలో నూరింట పదో వంతు మనకుంటే ఈ సంపాదకీయం అవసరమే ఉండేది కాదు. తెలుగునాట ఏమి జరిగినది? సరిగ్గా లాక్‌డౌన్ నడుమ, 2020 ఏప్రిల్ 15న, బడులన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చాలన్న 81, 85 సంఖ్యల ఉత్తరువులను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేయవలసి వచ్చినది. తల్లిగడ్డ మీదనే తెలుగు బడి కోర్టు తలుపు తట్టి బ్రతికే రోజులలో, అమరావతి నుంచో హైదరాబాదు నుంచో ఎవరో వచ్చి నల్లంపల్లి బిడ్డకు పలక ఇస్తారని ఎదురు చూడడం అమాయకత్వం.

చట్టం మాత్రం మన పక్కన ఉన్నది. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకొనే సదుపాయం కల్పించాలని ప్రతి రాష్ట్రానికి చెప్పుచున్నది. అంతకు ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టినది: తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఆ నుడి పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుడిని వేయాలి. 2009 విద్యాహక్కు చట్టం కూడా, వీలైనంత వరకు, బోధన బిడ్డ మాతృభాషలో ఉండాలన్నది. అదే చట్టం ప్రకారం బడి నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ కుర్చీలలో మనవారు కూర్చొని అడిగినప్పుడే 350-ఎకు విలువ. తెలుగు అయ్యవారు పదవీ విరమణ చేసిన తరువాత ఆ ఖాళీని నింపారా అన్న ప్రశ్న సంఘం తీర్మానాల పుస్తకంలో వ్రాయించాలి. నోటిమాటగా అడిగినది గాలికి పోతుంది. పది, నలభై అన్న ఆ లెక్క ఇప్పుడు మనకు వరం, మనకే ముప్పు కూడాను. మహమ్మారి రోజులలో ఊరు మారి, బడి మారి, తిరిగి చేరినప్పుడు తమిళ మాధ్యమంలోనో ఇంగ్లీషులోనో చేరిన పిల్లల వలన ఎక్కడైనా తరగతి పదికి దిగువకు జారితే ఖాళీ నింపనక్కరలేదని అనడానికి సాకు దొరుకుతుంది.

లెక్క అన్న మాట వచ్చినది గనుక మరొక మూతను కూడా గుర్తుచేసుకోవాలి. 2021లో జరగవలసిన జనగణన మహమ్మారి వలననే ఆగిపోయినది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో తెలుగువారు ఎందరన్న ప్రశ్నకు అధికారుల బల్ల మీద ఉండిపోయినది 2011 అంకె. 2004లో పుట్టిన కృష్ణగిరి జిల్లాకు మాతృభాషల లెక్క తీసినది ఆ ఒక్కసారే. వాయిదాపడిన ఆ జనగణనను 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకొని జరపనున్నట్లు 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించినది. ఇంటికి వచ్చిన మనిషి తమిళంలో అడుగుతాడు, మనం తమిళంలో జవాబు చెప్పుతాము, ఆ ఊపులోనే మాతృభాష అన్న గడిలో తమిళమని పడిపోతుంది. బడి చేర్పు పత్రంలోనూ ఇట్లాగే ఎన్నో ఏండ్లుగా పడిపోతున్నది. వ్రాసినవాడిది దురుద్దేశం కాదు, చెప్పినవారిది అశ్రద్ధ. అతడు వ్రాసిన దానిని ఒకసారి చదివించుకొని, ఆ తరువాతనే గడప దాటనివ్వండి.